వాల్డీ బావ ఇచ్చేసిన వంతు

మా సరస్సు ఒడ్డున చేపలు కొనే షెడ్డు ఒక్కటే. చలికాలంలో, గడ్డకట్టిన సరస్సు మీద నుంచి చేప మోసుకొచ్చే మంచుబండ్లు, చేప బిగుసుకోకుండా లోపల పొయ్యి రాజేసుకుని, మధ్యాహ్నం మూడయ్యేసరికి దాని ముందు వరసగా నిలబడతాయి. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో మాకు తెలియదు, మా తాతలకూ తెలియదట. ఎవడి బండిలో పొయ్యి ఆరిపోయి పెట్టెల్లో చేప బిగుసుకోవడం మొదలైందో, వాడు అందరికంటే ముందుకు వెళ్ళిపోతాడు. వాడు నోరు తెరిచి అడగడు. బండి దిగి, వరస పక్కన నిలబడి, నెత్తిమీది టోపీని కొంచెం వెనక్కి నెడతాడు. ముందున్నవాళ్ళు అది చూసి బళ్ళు పక్కకు తీస్తారు. పచ్చి చేపకు ఒక ధర, గడ్డకట్టిన చేపకు అందులో సగం. ఆ తేడా ఎంత చాకిరీయో వరసలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. ఆ సైగ అబద్ధానికి చేసినవాడు నాకు తెలిసి లేడు.

వాల్డీ మా అక్క రూనా మొగుడు. ఈ సంగతి జరిగేనాటికి ఆయనకు అరవై ఒకటో ఏడు. నేనూ ఆయనా ఒకే బండిలో ముప్పై చలికాలాలు, మంచు కింద వేసిన వలలు లాగడానికి, ఆ సరస్సు మీదికి వెళ్ళాం. పొద్దున ఇంటి దగ్గర మొదలుపెట్టి షెడ్డు దాకా మేము మాట్లాడుకున్న మాటలు రెండు చేతుల వేళ్ళకు మించవు. మించాల్సిన అవసరం కూడా రాలేదు.

బావకు కిడ్నీ ఒక్కటే. తొమ్మిదో ఏట బావ, వాళ్ళ నాన్న తోలుతున్న స్లెడ్జి కింద, అంటే చెక్కపట్టాల మీద జారే చేపలబండి కింద, పడ్డాడు. లోడుతో ఉన్న చెక్కపట్టా ఎడమ పక్కటెముకల కిందుగా ఎక్కి దిగింది. విన్నిపెగ్ మహానగరానికి తీసుకుపోతే అక్కడ ఆ వైపు కిడ్నీ తీసేశారు. చొక్కా విప్పితే వీపు పక్క నుంచి పొట్ట దాకా ఉబ్బిన మచ్చ కనబడేది, తడితాడు చర్మం కింద పెట్టి కుట్టినట్టు. ఆయన మాత్రం దాన్ని ఎప్పుడూ తలచుకున్నట్టు లేదు. కాలికి పుట్టుమచ్చ ఉన్న మనిషి దాన్ని ఎంత తలచుకుంటాడో అంతే.

ఆ ఏడు నవంబరు ఆఖరున మంచు గట్టిపడింది. మొదటివారమే ఒక పొద్దున, గతుకుల మీద పోతుండగా బావ బండి ఆపి దిగాడు. నాలుగడుగులు వేసి, మోకాళ్ళ మీద కూలబడి, నుదురు మంచుకు ఆనించాడు. మంచు కింద చప్పుడు వింటున్నాడనుకున్నాను. మా వాళ్ళు పగుళ్ళ కోసం అలా వింటారు. చాలాసేపటికి లేచాడు. గడ్డం మీద వాంతి చారలు అప్పటికే గడ్డకట్టి ఉన్నాయి.

"పద, వల చూద్దాం," అన్నాడు.

నేను ఏమీ అడగలేదు. అలా ఇంకో రెండుసార్లు జరిగింది. అప్పుడూ అడగలేదు.

బయటపెట్టింది అక్క. మా ఇళ్ళలో చక్కెర గడ్డను పళ్ళ మధ్య పట్టుకుని దాని మీదుగా కాఫీ తాగుతారు. గడ్డ కరగాలి, కొరకకూడదు. ఒక పొద్దున కాఫీ దగ్గర బావ నోట్లో గడ్డ పటుక్కుమంది. ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆ చప్పుడు అక్క వినలేదు. కెటిల్ పక్కన పెట్టి నాకేసి చూసింది. అప్పుడు చెప్పాను, మంచు మీద జరిగింది.

ఊరి ఆరోగ్యకేంద్రంలో ఉన్నది నర్సమ్మ ఒక్కతే. ఆవిడ రక్తం తీసి, మూత్రం చూసి, పట్నానికి స్కానుకి పంపింది. రాయి ఉంది. కిడ్నీ నుంచి మూత్రం దిగే దారి మొదట్లో కూర్చుని ఉంది. కిడ్నీ కొంచెం వాచింది. దీన్ని చూడాల్సింది కిడ్నీ డాక్టరే, ఆయన విన్నిపెగ్ నుంచి పట్నం ఆసుపత్రికి నెలకొకసారి వస్తాడు, రెండో గురువారం. రోజుకు ఎనిమిది మందినే చూస్తాడు. నర్సమ్మ గంటసేపు ఫోను పట్టుకుని, ఒక్క కిడ్నీ మనిషి అని చెప్పి, డిసెంబరు గురువారానికే బావ పేరు ఎక్కించింది. సంతోషంతో ఒక మాట ఎక్కువ చెప్పేసింది కూడా. మిగతావాళ్ళు వేసవి నుంచి ఎదురుచూస్తున్నారనీ, బావను వాళ్ళ ముందుకు తెచ్చారనీ.

ఆ మాట బావకు మింగుడుపడలేదు.

మా ఒడ్డున ఏ కబురూ దాగదు. రెండు రోజుల్లో షెడ్డు దగ్గర హ్యాల్మర్ ఎత్తుకున్నాడు. వాడి వలలు మా వలలకు ఉత్తరాన. వాడికీ కిడ్నీలో రాయే, ఆగస్టు నుంచి ఆ డాక్టరు కోసమే చూస్తున్నాడు. వాడి వంతు కూడా ఆ గురువారమే పడింది, అందరికంటే ఆఖరున.

"ఏం వాల్డీ, ఆగస్టులో నిలబడ్డవాణ్ణి నేను. నిన్న వచ్చి నా ముందు దూరావట," అన్నాడు, నవ్వుతూనే. "నీ చేపేమన్నా గడ్డకట్టిందా?"

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. బండి ఎక్కాక మాత్రం చేతి తొడుగులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు, రెండుసార్లు.

గురువారానికి రెండు రోజుల ముందు నొప్పి తగ్గిపోయింది. మొత్తంగా. బావ రెండు పళ్ళేల బంగాళాదుంపలు తిన్నాడు. రాయి పోయిందేమో, ఇంకెందుకు వెళ్ళడం అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. నన్ను గుమ్మం బయటికి పిలిచి, ఆయన నోరు తెరవడు, నువ్వైనా తెరువు అంది. సరేనన్నాను.

పట్నం తొంభై కిలోమీటర్లు. మేము బయలుదేరేటప్పటికే సన్నగా మంచు మొదలైంది. ఆసుపత్రి గదిలో ఎనిమిది కుర్చీలు, బల్ల వెనక ఒకామె. బావ పేరు ఐదోది. ఆమె కాగితం నింపుతూ, నొప్పికి సున్నా నుంచి పది దాకా ఎంత ఇస్తారని అడిగింది.

బావ ఆలోచించాడు. పది అంటే ఎలాంటిదని అడిగాడు. మీ జన్మలో పడ్డ నొప్పుల్లో అన్నిటికంటే పెద్దది అని చెప్పిందామె. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పద్దెనిమిదో ఏట ఆయన తాడు పట్టుకుని ఉండగా వాళ్ళ నాన్న బండితోసహా మంచు కిందికి వెళ్ళిపోయాడు. తాడు అరచేతుల్లో చర్మం అంతా తీసుకుపోయింది. ఆయన దానితో పోల్చి చూస్తున్నాడని నాకు తెలుసు.

"ఇవాళైతే ఒకటండీ," అన్నాడు.

ఆమె ఒకటి అని రాసుకుంది. మంచు మీద ఆనిన నుదురు సంగతి నేను చెప్పాల్సింది. నా గొంతు దాకా వచ్చింది. కానీ మనిషి నొప్పి మనిషిది. పక్కనున్నవాడు దానికి అంకె వేయడం మాలో లేదు. అలా అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పద్ధతి కోసం ఊరుకున్నానో, మాట్లాడటం రాక ఊరుకున్నానో తెలియదు.

హ్యాల్మర్ ముందే వచ్చేశాడు. కూర్చోలేకపోతున్నాడు. గోడ నుంచి గోడకు నడుస్తున్నాడు. ఒకసారి కోట్లు తగిలించే కొయ్యను పట్టుకుని వేలాడితే అది ఊడి చేతిలోకి వచ్చింది. ముఖం కొవ్వొత్తిలా ఉంది. షెడ్డు దగ్గర నవ్వించిన మనిషి కాదు. బావ వాణ్ణే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండు దాటాక బల్ల దగ్గరామె లేచి చెప్పింది. తుఫాను ముదురుతోంది, రోడ్డు మూసేస్తారట, డాక్టరుగారు మూడింటికి బయలుదేరాలి, ఇంక ఒక్కరినే చూడగలరు. నాలుగో మనిషి లోపలి నుంచి వస్తున్నాడు. ఆ ఒక్కరు బావే; ఆరూ ఏడూ వంతులవాళ్ళు తుఫానుకు రానే లేదు.

హ్యాల్మర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నుదుటి నిండా చెమట. చెయ్యెత్తి టోపీని వెనక్కి నెట్టాడు.

చెమట తుడుచుకోవడానికే నెట్టాడేమో. నాకు ఇప్పటికీ తెలియదు. వాడికీ తెలియదేమో.

బావ లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"అతన్ని పంపండమ్మా. నాది ఆగుతుంది."

ఆమె రెండుసార్లు అడిగింది. మళ్ళీ తేదీ ఎప్పుడు దొరుకుతుందో తాను చెప్పలేనంది. మీ ఇష్టంతోనే అని సంతకం పెట్టాలంది. బావ కలం తీసుకున్నాడు. నేను లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

"బావా, నీకున్నది ఒక్కటే."

"వాడి చేప గడ్డకడుతోందిరా, స్టెయినీ," అన్నాడు. తల తిప్పకుండానే సంతకం పెట్టాడు.

నేను వెళ్ళి కూర్చున్నాను.

డాక్టరు హ్యాల్మర్‌ను ఇరవై నిమిషాలు చూశాడు. రాయి కిందికి దిగుతోంది, దానంతటదే పడిపోతుంది, నీళ్ళు తాగమని చెప్పి, నొప్పికి మాత్రలిచ్చి, కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. తిరుగు దారిలో రోడ్డు కనబడలేదు. బావ స్టీరింగు మీదికి వంగి బండి నడుపుతూ ఈల వేశాడు. ఆయన ఈల నేను ఎప్పుడూ వినలేదు.

ఆసుపత్రిలో జరిగింది ఇంటికొచ్చి చెప్పినప్పుడు అక్క అరవలేదు. బావను ఒక్క మాట అనలేదు. నా ముందున్న కప్పులో ఇంకా సగం కాఫీ ఉంది. దాన్ని తీసి తొట్టిలో పారబోసింది.

"నిన్ను పంపింది దేనికి?"

ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు కాఫీ లేదు. వెళితే కుర్చీ ఉండేది, పలకరింపు ఉండేది. కప్పు ఉండేది కాదు.

జనవరిలో డాక్టరు రాలేదు, సెలవు. ఫిబ్రవరి జాబితా నిండిపోయింది. నర్సమ్మ మళ్ళీ ఫోన్లు చేసింది. అవతలివాళ్ళు కాగితం తీసి చదివారట: నొప్పి ఒకటి, రోగి కోరిక మీద వాయిదా. ఒక్క కిడ్నీ అన్న మాట కింద ఎక్కడో ఉంది. ఈ కాగితం మీద ఆయన తొందరలో లేడు కదా అన్నారు. మార్చి అన్నారు. ప్రతివారం వచ్చి రక్తం ఇవ్వమని నర్సమ్మ బావకు చెప్పింది. ఆయన ఒక్కసారి వెళ్ళాడు. ఆ నెల చేప బాగా పడుతోంది. నొప్పి లేదు. నొప్పి లేనివాడు పని మానుకుని సూది కోసం వెళ్ళి కూర్చోవడం ఆయనకు తోచే సంగతి కాదు. నాకూ తోచలేదు. తప్పు వాళ్ళ కాగితానిదే అంటే నాకు తేలికగా ఉండేది.

జనవరి చివర చేప ఇనుము నాకినట్టు ఉందని పళ్ళెం పక్కకు నెట్టాడు. కాళ్ళు వాచి బూట్లు పట్టలేదు. కత్తితో మడమ దగ్గర చీల్చి తొడుక్కున్నాడు. ఒళ్ళంతా గోక్కునేవాడు. బండిలో నిద్రపోయేవాడు, వలల దగ్గరికి చేరాక లేపాల్సి వచ్చేది. వయసు అనేవాడు. ఆ నెలలోనే హ్యాల్మర్ తన రాయిని నస్యం డబ్బాలో పెట్టి షెడ్డుకు తెచ్చాడు. ఆసుపత్రికి వెళ్ళొచ్చిన మర్నాడే పడిందట.

"చూడండ్రా, దీని కోసం అంత గోల. గాలానికి గుచ్చితే చేప కూడా మొహం తిప్పుకుంటుంది," అన్నాడు.

డబ్బా చేతులు మారి బావ దగ్గరికి వచ్చింది. బావ వేలితో కదిపి చూసి, చిన్నదే అని తిరిగి ఇచ్చేశాడు.

ఫిబ్రవరి ఇరవైన, మంచులో తవ్విన కన్నం పక్కన, ఆయన చేపపెట్టె మీద కూర్చున్నాడు. నేను తాడు లాగుతున్నాను.

"ఈ వలలు ఎవరివిరా?" అని అడిగాడు.

ఎగతాళి అనుకుని నీ మామవి అన్నాను. ఆయన నవ్వలేదు. ముఖం చూసి తాడు వదిలేశాను. వల అలాగే నీళ్ళలోకి పోయింది. ఆయన్ని బండిలో వేసుకుని ఒడ్డుకు, ఒడ్డు నుంచి ఆంబులెన్సులో విన్నిపెగ్‌కు తీసుకుపోయాం.

అక్కడ చూసింది వేరే డాక్టరు, ఆడమనిషి, మెత్తగా మాట్లాడింది. రాయి బిరడాలా బిగుసుకుందనీ, కిడ్నీ ఉబ్బి ఉబ్బి లోపల అంతా పలచబడి చచ్చిపోయిందనీ చెప్పింది. గొట్టం వేసి చూశారు, లాభం లేకపోయింది. నొప్పి తగ్గడం మంచికి కాదంది. ఎప్పుడు చూపిస్తే బతికేదని అక్క అడిగింది. డిసెంబరులో అయితే రాయి తీసి పంపేసేవాళ్ళం అంది డాక్టరు. తర్వాత ఫైలు తిప్పి, ఇది మీ సంతకమేనా అని బావకు చూపించింది. నిందించడానికి కాదు, ఆమెకు నిజంగానే అర్థం కాక అడిగింది.

"నాదే," అన్నాడు బావ.

ఎందుకు పెట్టారని అడిగింది. బావ నావైపు చూశాడు. చేపల షెడ్డు ముందు ఎలా నిలబడతామో ఆ గదిలో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఆయన దగ్గరా లేవు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు పట్నం. రక్తం బయటికి తీసి కడిగి లోపలికి పంపే యంత్రం దగ్గర నాలుగేసి గంటలు. రోజుకు నాలుగు కప్పుల నీళ్ళు మించకూడదు, అందులోనే చారు, అందులోనే కాఫీ. ఇంటి కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర నీళ్ళే. ఆయన కుర్చీ జరిపి గోడవైపు కూర్చుంటాడు. బదులు కిడ్నీ కోసం పేరు రాశారు. ఆ వరస చాలా పొడుగని చెప్పారు. నేను నాది ఇస్తానన్నాను. పరీక్షలు చేసి, నీ రక్తపోటుకు నీదే నీకు చాలదు పొమ్మన్నారు.

ఆయన వలలు నేను లాగుతున్నాను. లైసెన్సు ఆయన పేరునే ఉంది.

హ్యాల్మర్ ప్రతి శనివారం పొగబెట్టిన చేప సంచిలో వేసి వాళ్ళ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతాడు. తలుపు తట్టడు. అది ఉప్పులో నానినది, బావ ముక్క కూడా ముట్టుకోకూడదు. అక్క దాన్ని కుక్కలకు వేస్తుంది. వద్దని వాడితో చెప్పదు. శనివారం శనివారం ఆ కుక్కలు గుమ్మంలో కూర్చుని వాడి బండి చప్పుడు కోసం చూస్తుంటాయి.

ఈ జనవరిలో ఒకరోజు మైనస్ ముప్పై ఆరు. షెడ్డు ముందు తొమ్మిది బళ్ళు, నాది మూడోది. అద్దంలో హ్యాల్మర్ బండి రావడం చూశాను. పైన గొట్టంలోంచి పొగ రావడం లేదు. వాడు దిగి, వరస పక్కన నడుచుకుంటూ వచ్చి, టోపీ వెనక్కి నెట్టాడు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే పక్కకు తీశారు. నా వెనక ఉన్నవాడు కూడా తీశాడు. నేను తీయలేదు.

ముందున్న ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని షెడ్డు తలుపు చూస్తూ కూర్చున్నాను. వాడు నా కిటికీ పక్కన నిలబడ్డాడు. అద్దం మీద తట్టలేదు. టోపీ అలాగే వెనక్కి ఉంది, చెవులు తెల్లబడుతున్నాయి. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. తర్వాత టోపీ సరిచేసుకుని వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. పక్కకు తీసినవాళ్ళు మళ్ళీ వరసలోకి వచ్చారు. మా ఒడ్డున అలా ఎప్పుడూ జరగలేదు. వాడి వంతు వచ్చేసరికి పెట్టెలు తిరగేస్తే చేపలు కర్రల్లా చప్పుడు చేస్తూ పడ్డాయి. షెడ్డువాడు వాటిని సగం ధరకు తూచే రెండో తక్కెడ వైపు తోశాడు. ఎవరూ నాతో మాట్లాడలేదు. వద్దనుకున్నా నేను ఆ చప్పుడు అయిపోయేదాకా అక్కడే ఉన్నాను.

బావ చెవిన ఎలాగూ పడుతుంది. నేనే చెబుదామని నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన అప్పుడే పట్నం నుంచి వచ్చినట్టున్నాడు, చేతికి కట్టు ఉంది. దాహానికని అక్క ఇచ్చిన మంచుముక్కను పళ్ళ మధ్య పెట్టుకున్నాడు, వెనకటికి చక్కెర గడ్డను పెట్టుకున్నట్టే. జరిగింది చెప్పాను.

"నిజంగా గడ్డకట్టిందా?" అని అడిగాడు.

కట్టిందన్నాను.

ఆయన నోట్లో మంచుముక్క పటుక్కుమంది.

"రేపట్నించి నా వలలు నువ్వు లాగొద్దు."

మరెవరు లాగుతారని అడిగాను.

"హ్యాల్మర్‌ని అడుగుతాను," అన్నాడు. కుర్చీని గోడవైపు జరుపుకున్నాడు.

అక్క తొట్టి దగ్గర మావైపు వీపు పెట్టి నిలబడి ఉంది. ఏదైనా అంటుందేమోనని చూశాను. బీరువా తెరిచి నా కప్పు తీసింది. ఏడాది పైన అయింది, దుమ్ము పట్టి ఉందేమో, వంటగుడ్డతో తుడిచింది. నా ముందు పెట్టి నిండా కాఫీ పోసింది. పక్కన చక్కెర గడ్డ పెట్టింది.

బావ గోడ చూస్తున్నాడు. నేను గడ్డ నోట్లో పెట్టుకుని, అది పూర్తిగా కరిగేదాకా తాగాను. తర్వాత బయటికి వెళ్ళి, బండిలో ఉన్న ఆయన తాళ్ళూ వలపెట్టెలూ దించి, గుమ్మం పక్కన గోడకు ఆనించి పెట్టాను. కుక్కలు లేచి వచ్చి వాసన చూసి వెళ్ళిపోయాయి.